తట్టి వదిలే చెయ్యి

సోమవారం పొద్దున లావెల్ ప్రూయిట్ లాకర్ గదిలోకి వచ్చేసరికి అతని కుర్చీలో ఒక రబ్బరు మొసలి కూర్చుని ఉంది. జానెడు పొడవుంటుంది. ఎవరో ఓపిగ్గా దానికి టొలీడో జట్టు రంగుల్లో చిన్న చొక్కా తొడిగి, వీపు మీద లావెల్ నంబరు కూడా రాశారు. మొసలికి చేతులు పొట్టి. ఆ మాట ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు.

నిన్నటి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో మైదానం నడిబొడ్డున తల మీదుగా వచ్చిన బంతికి లావెల్ చేతులు పూర్తిగా చాచలేదు. పక్కనుంచి దూసుకొస్తున్న మనిషి రొప్పు వినిపించింది. మోచేతులు వాటంతట అవే మడతపడ్డాయి. రెప్పపాటు సంగతి. బంతి వేళ్ళకొసలు రాసుకుంటూ పోయి నేలపాలైంది. గుద్దు మాత్రం తప్పలేదు. డొక్కలో ఇంకా ఊపిరి తీసుకున్నప్పుడల్లా కత్తి దింపినట్టుంది.

"ఎవర్రా దీన్ని ఇక్కడ పెట్టింది?"

"ఎవరూ పెట్టలేదన్నా, అదే వచ్చింది," అన్నాడు జాకోబీ. కాలేజీ నుంచి ఈ ఏడే వచ్చిన రిసీవరు, లావెల్‌లాగే విసిరిన బంతి పట్టేవాడు. లావెల్ ఎప్పుడు పక్కకి జరుగుతాడా అని కాచుకున్నవాడు. "మీ చుట్టమట. నిన్న టీవీలో చూసి వెతుక్కుంటూ వచ్చిందట."

గది గొల్లుమంది. ఎదుటి వరసలో కాళ్ళకి పట్టీలు చుట్టుకుంటున్న ఆమోస్ గ్యాడ్సన్ లేచి, మొసలిని తోక పట్టుకుని ఎత్తి, తన లాకర్లోకి గిరాటేశాడు.

"చుట్టం కదా, నా దగ్గరుండనీ. ఈడి ఇంట్లో తిండి బాగోదు. యవెట్ వదిన వంట నేను తిన్నాను."

మళ్ళీ నవ్వారు, కానీ ఈసారి నవ్వు వేరే వైపు తిరిగింది. ఆమోస్ అంటే అంతే. ఎదుటి జట్టు రిసీవర్లు బంతి కోసం గాల్లోకి లేచినప్పుడు వెనకనుంచి వచ్చి వాళ్ళని నేలకేసి కొట్టడం వాడి ఉద్యోగం. చేసిన ఉద్యోగానికి చూస్తే మనిషి మెత్తన.

ఆడిన ఆటల వీడియోలు చూసే సినిమా గదిలో లైట్లు ఆర్పి, రిసీవర్ల కోచ్ రస్క్ ఆ ఒక్క ముక్కే తిప్పి తిప్పి వేశాడు. బంతి వస్తుంది, చేతులు ముడుచుకుంటాయి. బంతి వస్తుంది, చేతులు ముడుచుకుంటాయి.

"ముప్ఫై రెండేళ్ళొచ్చాయి నీకు," అన్నాడు చీకట్లోంచి. "కాళ్ళు వదిలేస్తే నేనేమీ అనను. కాళ్ళు ఎవరికైనా వదిలేస్తాయి. ఇక్కడ వదిలేసింది కాళ్ళు కాదు."

ఆ మధ్యాహ్నం తేలికపాటి సాధనలో రస్క్ లావెల్ చేత అదే దారి మళ్ళీ మళ్ళీ పరిగెత్తించాడు. సరస్సు మీంచి గాలి చెంపలు కోస్తోంది. లావెల్ పక్క గీత నుంచి బయల్దేరి, ఒక్కసారి కాలు తన్ని, నడిమధ్యకి తిరుగుతాడు. బంతి ఎత్తుగా వస్తుంది. వెనకనుంచి ఆమోస్ వస్తాడు. వాడు కుడికాలు కాస్త ఈడుస్తాడు. ధప్, జర్ర్, ధప్, జర్ర్. వేరెవడి అడుగు విన్నా లావెల్ ఒళ్ళు బిగుసుకుంటుంది. ఈ అడుగు వింటే చేతులు రెక్కల్లా పూర్తిగా విచ్చుకుంటాయి. ఎందుకంటే ఆఖరి అడుగులో ఆమోస్ పక్కకి తొలిగి, అరచేత్తో నడుం మీద రెండుసార్లు తడతాడు. టప్ టప్.

"చచ్చావు. పో, యవెట్‌కి చెప్పు, మంచి నల్లగౌను కొనుక్కోమను."

"నువ్వు కొట్టినా చావనురా. దోమ కుట్టినట్టుంటుంది."

"ఆ దోమే ఇన్నేళ్ళుగా నిన్ను బతకనిస్తోంది. దణ్ణం పెట్టుకో."

సాధనలో సొంతవాణ్ణి కొట్టకూడదు కనుక అందరూ ఏదో రకంగా ఆగుతారు. తట్టి వదలడం ఆమోస్ పద్ధతి. ఆ తట్టు తగిలాక లావెల్ బంతి పట్టుకుని నాలుగడుగులు వేసేవాడు, ప్రాణం తిరిగొచ్చినట్టు.

మంగళవారం సెలవు. అయినా గాయాలున్నవాళ్ళు మంచుతొట్లలో మునగడానికి వస్తారు. లావెల్ తొట్టిలోంచి లేచి, బట్టలు వేసుకుని, బూట్లకి ముడి వేసుకుంటుండగా ఆఫీసు మనిషి తలుపు దగ్గర కనబడ్డాడు. బూడిదరంగు స్వెట్టరు, మెత్తటి చెప్పులు. ఆటగాళ్ళు అతన్ని కోతమనిషి అంటారు. అతను గదిలోకి వస్తే మాటలు ఆగిపోతాయి. ఎవడి భుజం మీద చెయ్యి వేసి "ట్యాబ్ తీసుకుని పైకి రా" అంటాడో వాడు జట్టు ఎత్తుగడలుండే ఆ ట్యాబ్ అప్పగించి పోవాల్సిందే, ఆ జట్టులో నూకలు చెల్లినట్టే.

మెత్తటి చెప్పులు లావెల్ వైపే వచ్చాయి. చెప్పులు అతన్ని దాటిపోయాయి.

"ఆమోస్, ట్యాబ్ తీసుకుని పైకి రా."

ఎవరూ తలెత్తలేదు. పంపేసినవాణ్ణి చూడకూడదు. చూస్తే అంటుకుంటుందని ఈ గదుల్లో ఒక నమ్మకం. జాకోబీ ఫోనులోకి దూరిపోయాడు. ఇంకొకడు గోడవైపు తిరిగి తువ్వాలు మడతపెడుతూ ఉండిపోయాడు. పైకి వెళ్ళి దిగివచ్చిన ఆమోస్ లాకర్లోని సామాను నల్ల చెత్తసంచిలో వేసుకుంటున్న చప్పుడు మాత్రం గదంతా వినబడింది. బూట్లు, పిల్ల గీసిన బొమ్మ, చివరికి ఆ రబ్బరు మొసలి.

లావెల్ వంగి బూటు ముడి వేస్తున్నాడు. ఆ ముడి ఎప్పుడో పడింది. విప్పి మళ్ళీ వేశాడు. లేచి కౌగిలించుకోవాలని ఉంది. లేస్తే అందరూ చూస్తారు. పై అంతస్తు వాళ్ళకీ చెవులుంటాయి. సంచి ఈడ్చుకుంటూ ధప్, జర్ర్ అని అడుగులు వచ్చి అతని ముందు ఒక్క క్షణం ఆగాయి.

"దీన్ని నేను తీసుకుపోతున్నా," అన్నాడు ఆమోస్ పైనుంచి. "మళ్ళీ నీ కుర్చీ ఎక్కకుండా."

లావెల్ తల ఎత్తలేదు. ముడి వేస్తూనే ఉన్నాడు. అడుగులు వెళ్ళిపోయాయి.

బుధవారం మధ్యాహ్నానికి కబురు తెలిసింది. మెంఫిస్ వాళ్ళు ఆమోస్‌ని తీసుకున్నారు. ఆదివారం టొలీడో ఆడబోయేది మెంఫిస్‌తోనే. రస్క్ లావెల్‌ని తన గదికి పిలిచి తలుపు వేశాడు.

"వాణ్ణి వాడి ఆట చూసి తీసుకున్నారనుకుంటున్నావా? మన సైగలన్నీ వాడి బుర్రలో ఉన్నాయి. మన వేలు కదిలితే వాడికి అర్థం తెలుసు. వాడు మైదానంలో ఉన్నంతసేపూ మనం బట్టల్లేకుండా ఆడినట్టే."

లావెల్ మూసిన తలుపు వైపు చూశాడు.

"ఆగస్టులో ఒకరోజు మీరిద్దరూ సామాన్ల షెడ్డు వెనక్కి వెళ్ళారు. వాడు ఒక చెయ్యి పట్టుకుని నడిచాడు. తిరిగొచ్చేటప్పుడు మామూలుగా ఉన్నాడు. డాక్టరుకి చెప్పలేదు, నాకూ చెప్పలేదు. భుజం జారింది కదూ?"

ఆరోజు షెడ్డు వెనక గడ్డిలో ఆమోస్ వెల్లకిలా పడుకున్నాడు. పళ్ళమధ్య తువ్వాలు కరుచుకున్నాడు. లావెల్ వాడి చంకలో మడమ పెట్టి, మణికట్టు రెండుచేతులా పట్టుకుని లాగాడు. తడికొమ్మ విరిచినట్టు ఒక చప్పుడు. తరవాత ఆమోస్ కళ్ళనీళ్ళతో నవ్వుతూ, "ఇంట్లో ఆడాళ్ళకి చెప్పకు," అన్నాడు.

"దూరంగా ఉన్నాను," అన్నాడు రస్క్. "ఏ చెయ్యో కనబడలేదు."

కిటికీ బయట ఎవరో బంతులు ఏరుకుంటున్నారు.

"జాకోబీ రోజూ నన్నడుగుతున్నాడు, నేనెప్పుడు కోచ్, నేనెప్పుడు అని. నీ గురించి పైవాళ్ళు కూడా అడుగుతున్నారు. ఆదివారం దాకా ఏమీ చెప్పనన్నాను. ఏ భుజం, లావెల్?"

"ఎడమ," అన్నాడు లావెల్.

ఒక్క మాట. అన్నాక ఆ మాట తన గొంతులాగే లేదనిపించింది.

రస్క్ తలూపాడు. బోర్డు మీద గీశాడు. లావెల్ పక్కనుంచి లోపలికి నడిచి వస్తాడు, బంతి పక్క గీత వైపు పరిగెత్తేవాడికి ఇస్తారు, దాన్ని ఆపడానికి ఆమోస్ దిగి వస్తాడు. అక్కడ లావెల్ తగలాలి. "ముందునుంచే వెళ్ళు. తలకి తగలకు, నడుం కింద తగలకు. భుజంతో భుజాన్ని. ఏ రిఫరీ ఈల వెయ్యడు."

గురువారం సాధనలో దిండులా మెత్తకట్టిన డాలు పట్టుకుని ఒకణ్ణి ఆమోస్ చోట నిలబెట్టారు. లావెల్ పరిగెత్తి వచ్చి గుద్దాడు. "ఇంకా కింద," అన్నాడు రస్క్. గుద్దాడు. "ఇంకా ఎడమకి." గుద్దాడు. డాలు పట్టుకున్న కుర్రాడి పెదవి చిట్లి రక్తం కారింది. వాడు ఉమ్మేసి, "ఏమైంది అన్నా, నామీద కోపమా?" అన్నాడు. ఆమోస్ బదులు వచ్చిన కొత్త కాపలావాడికి తట్టి వదలడం తెలియదు. బంతి పట్టే వేళ లావెల్‌ని పొరపాటున కొట్టి పడేశాడు. చెవిలో గంటలు మోగాయి. జాకోబీ చెయ్యి అందించి లేపుతూ, "దోమ కుట్టిందా అన్నా?" అన్నాడు.

శనివారం ఆమోస్ కూతురు నొయెల్ పుట్టినరోజు. జట్టు హోటలుకి వెళ్ళేముందు లావెల్ వంటింట్లో నిలబడి ఉంటే, యవెట్ గులాబీరంగు కాగితంలో ఏదో చుడుతోంది.

"నువ్వూ రా. పది నిమిషాలు."

"వాడు ఉండడు. మెంఫిస్ వాళ్ళతో ఉంటాడు."

"పిల్ల ఉంటుంది కదా. వాళ్ళమ్మ కోరిన్ ఉంటుంది. పెట్టెలు కడుతోంది పాపం, ఏ ఊరికి కడుతోందో దానికే తెలీదు." ఆమె టేపు పళ్ళతో తెంపింది. "ఫోన్ చేశావా వాడికి?"

"చెయ్యకూడదు. ఎదుటి జట్టు."

"మంగళవారం పొద్దున ఎదుటి జట్టు కాదుగా. వెళ్ళేటప్పుడు ఏమన్నావు?"

లావెల్ గ్లాసు కడిగి బోర్లించాడు. కడిగిన గ్లాసే.

"ఏమీ అనలేదా?" అంది యవెట్. తరవాత ఇంకేమీ అడగలేదు. ఆమె అడిగి ఉంటే బాగుండేదని హోటలుకి వెళ్ళే దారంతా అనుకున్నాడు.

ఆదివారం వాన కాదు, మంచూ కాదు, రెండూ కలిసిన బురద కురుస్తోంది. ఆటకి ముందు మైదానంలో రెండు జట్లూ ఒళ్ళు వెచ్చబెట్టుకుంటుంటే, అటువైపు పసుపుచొక్కాల్లో ఆమోస్ కనబడ్డాడు. చొక్కా కొత్తది, ఒక సైజు పెద్దది. ఇటు చూసి చెయ్యెత్తాడు. లావెల్ తన చేతిపట్టీలు సరిచూసుకున్నాడు.

మొదటి దఫాలోనే రస్క్ సైగ చేశాడు. లావెల్ పక్కనుంచి లోపలికి నడక మొదలుపెట్టాడు. ఆమోస్ గొంతు మైదానమంతా వినబడింది. "పక్కకి పరుగు! పక్కకే! నేను చెప్తున్నా కదరా!" వాడికి తెలుసు. ఈ నడక అర్థం వాడికి తెలుసు. బంతి కదిలింది. ఆమోస్ దిగి వచ్చాడు, ధప్, జర్ర్. లావెల్ తిరిగి ఎదురుగా వెళ్ళాడు. హెల్మెట్ కడ్డీల వెనక వాడి కళ్ళు కనబడ్డాయి. అందులో భయం లేదు. లావెల్‌ని చూసి వాడు కొంచెం నెమ్మదించాడు కూడా, పాత అలవాటు కొద్దీ, సాధనలో మాదిరి.

లావెల్ నెమ్మదించలేదు. మోకాళ్ళు వంచి, కిందనుంచి పైకి, ఒంట్లో ఉన్న బరువంతా కుడిభుజంలోకి తెచ్చి వాడి ఎడమభుజం గూట్లోకి దింపేశాడు. తడికొమ్మ విరిగిన చప్పుడు. ఆగస్టులో విన్నదే, ఈసారి తిరగేసి. ఆమోస్ రెండు కాళ్ళూ నేల వదిలాయి. వెల్లకిలా పడి బురదలో బారెడు దూరం జారాడు. జనం హోరెత్తారు. ఎవడూ ఈల వెయ్యలేదు.

ఆమోస్ లేచాడు. మోకాలి మీదికి, తరవాత నిలువునా. ఎడమచెయ్యి తాడుకి కట్టిన దుంగలా వేలాడుతోంది. డాక్టర్ల వైపు చూడలేదు. వచ్చి నాలుగు రోజులైన చోట డాక్టర్ని పిలిస్తే అటునుంచి అటే పంపేస్తారు. ఎడమ బొటనవేలు నడుంపట్టీలోకి దోపుకుని, ఆ చెయ్యి అలాగే ఒంటికి ఆనించుకుని, తన చోటికి నడిచాడు.

"అదీ!" అన్నాడు రస్క్ గీత దగ్గర, లావెల్ హెల్మెట్ మీద చరుస్తూ. "అదీ నా రిసీవరంటే!"

ఆ తరవాత ఆట ఊచకోతలా సాగింది. టొలీడో కుర్రాడొకడి పన్ను ఊడి బురదలో పడితే వెతకడానికి కూడా ఆగలేదు. మెంఫిస్ మనిషి ఒకణ్ణి బండి మీద తీసుకుపోయారు, వాడి కాలి పాదం చూడకూడని వైపుకి తిరిగి ఉంది. లావెల్‌కి గురువారం మోగిన చెవి మళ్ళీ మోగింది. పక్కటెముక దగ్గర ఏదో కదులుతోంది. ఆమోస్ ఒంటిచేత్తో ఆడుతూనే ఉన్నాడు. మనుషుల కాళ్ళ మీద పడి పడేస్తున్నాడు, పడిన ప్రతిసారీ ఒక పక్కకి తిరిగి లేస్తున్నాడు.

ఆఖరి నిమిషాలు. టొలీడో నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కోల్బీ చుట్టూ ఉన్నవాళ్ళకి దారి చెప్పాడు. నడిమధ్య దారి. వారం రోజులుగా సినిమా గదిలో ముడుచుకుంటున్న చేతులు.

పరిగెత్తాడు. కాలు తన్ని లోపలికి తిరిగాడు. బంతి కోల్బీ చెయ్యి వదిలింది. ఎత్తుగా ఉంది. మరీ ఎత్తు. లేస్తే ఒళ్ళంతా ఖాళీ. పక్కటెముకలు, పొట్ట, మెడ, అన్నీ తలుపులు తీసిన ఇల్లులా. అప్పుడు వినబడింది. కుడివైపు నుంచి. ధప్, జర్ర్, ధప్, జర్ర్.

బుర్ర చెప్పింది, వీడు నిన్ను చంపడానికి వస్తున్నాడు, చంపాలి కూడా. ఒళ్ళు వినలేదు. ఒంటికి ఆ అడుగు మాత్రమే తెలుసు. చేతులు రెక్కల్లా విచ్చుకున్నాయి. మునివేళ్ళదాకా సాగాయి. బంతి రెండు అరచేతుల మధ్య దిగింది. నడుం మీద టప్, టప్.

అంతే. గుద్దు రాలేదు. లావెల్ కాళ్ళు నేలకి ఆనాయి, ముందు ఎవరూ లేరు. పరిగెత్తాడు. గీత దగ్గర ఇంకొకడు వెనకనుంచి దూకి పడేశాడు, ఎవడిదో మేకులబూటు చేతి మీద పడి చిటికెనవేలు ఎముక విరిగింది. కానీ బంతి గీత దాటింది, ఆరు పాయింట్లు. జనం, రస్క్, జాకోబీ, అందరూ మీద పడ్డారు. లావెల్ ఆ మనుషుల కుప్ప కింద పడుకుని, గడ్డిలో మొహం పెట్టి ఏడ్చాడు. వాడు తట్టాడు. తన చేత అంత దెబ్బ తిని, తట్టి వదిలాడు.

ఆ మైదానంలో ఎక్స్‌రే గది ఒక్కటే, రెండు జట్లకీ. ఆట అయ్యాక లావెల్ ఉబ్బిన చెయ్యి పట్టుకుని ఆ నడవాలోకి వెళ్ళేసరికి బల్ల మీద ఆమోస్ కూర్చుని ఉన్నాడు. పసుపుచొక్కా కత్తిరించి తీసేశారు. ఎడమచెయ్యి ఛాతీకి కట్టేశారు. మొహం బూడిదరంగులో ఉంది. కాళ్ళకి బురద బూట్లు ఇంకా అలాగే ఉన్నాయి. లోపల ఎవరికో ఎక్స్‌రే తీస్తున్నారు.

లావెల్ కొంచెం దూరంలో నిలబడ్డాడు. "ఆమోస్."

"ఊఁ."

"తట్టావు," అన్నాడు లావెల్. "నేను చేసినదానికి నువ్వు... తట్టి వదిలావు."

ఆమోస్ తల గోడకి ఆనించి అతన్ని చూశాడు.

"తట్టడమేంట్రా?"

"నడుం మీద. రెండుసార్లు."

"ఓ, అదా." ఆమోస్ నవ్వబోయాడు, నొప్పికి ఆగిపోయాడు. "ఒరే పిచ్చోడా. నిన్ను రెండు ముక్కలు చేద్దామని వచ్చాను. పొద్దుటినుంచీ అదొక్కటే అడిగాను దేవుణ్ణి, వీణ్ణొకసారి నాకు గాల్లో ఇయ్యి అని. ఇచ్చాడు. ఎడమభుజంతో కొట్టాల్సిన చోటు. ఒళ్ళు రాలేదు. ఆఖరి అడుగులో ఒళ్ళు దానంతటదే పక్కకి తప్పుకుంది. కుడిచేత్తో చొక్కా పట్టుకుందామని చూశాను. తడిగా ఉంది. ఒకసారి జారింది. మళ్ళీ పట్టుకోబోతే మళ్ళీ జారింది."

నడవాలో ఎక్కడో తలుపు మూసుకుంది.

"అయితే..."

"అయితే లేదు, గియితే లేదు. చెయ్యి బాగుంటే నువ్వీపాటికి ఆ బండిమీద ఉండేవాడివి." కళ్ళు మూసుకున్నాడు. "నువ్వు చెప్పావా? ఎడమని?"

"చెప్పాను."

"ఇంకెవరికీ తెలీదు మరి. నీ కాళ్ళు నన్ను చూసి ఆగుతాయనుకున్నా. అక్కడ పొరపాటు చేశాను. కోరిన్ సగం సామాను సర్దేసింది. వీళ్ళూ పంపేస్తారు, ఇప్పుడు విప్పమనాలి," అన్నాడు.

ఆమోస్ ఒంటిచేత్తో కిందకి వంగి బూటు ముడి అందుకోబోయాడు. కట్టు లాగింది. పళ్ళు బిగించి మళ్ళీ వంగాడు. వేలు ముడి దాకా వెళ్ళి జారింది. బురదకి తాడు నాని గట్టిపడి ఉంది. ఇంకోసారి వంగబోతుంటే, లావెల్ వచ్చి వాడి ముందు నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"వదిలెయ్," అన్నాడు ఆమోస్.

లావెల్ వదల్లేదు. చిటికెనవేలు ముట్టుకుంటే ప్రాణం పోతోంది. మిగిలిన వేళ్ళతో గోరు దూర్చి ముడి వదులు చెయ్యడం మొదలుపెట్టాడు. ఆమోస్ కాలు వెనక్కి లాక్కోబోయాడు. తరవాత లాక్కోలేదు.

నడవా చివర మేకుల బూట్ల చప్పుడు, నవ్వులు. రస్క్ వస్తున్నాడు, చేతిలో ఆటబంతి. గెలిపించినవాడికి గదిలో అందరి ముందూ ఇచ్చే బంతి. వెనక జాకోబీ, ఇంకో ఇద్దరు.

"ఇక్కడున్నాడు వీరుడు! పద, అందరూ నీకోసమే..." రస్క్ ఆగిపోయాడు. బల్ల మీది మనిషిని చూశాడు, కింద కూర్చున్న మనిషిని చూశాడు. జాకోబీ గబుక్కున ఫోను తీసి దానిలోకి తల దూర్చాడు.

"లావెల్," అన్నాడు రస్క్. గొంతులో నవ్వు పోయింది. "పైవాళ్ళు కూడా వచ్చారు. వస్తున్నావా?"

లావెల్ తల ఎత్తి అతన్ని సూటిగా చూశాడు. తరవాత మళ్ళీ వంగాడు.

"మీరు వెళ్ళండి కోచ్," అన్నాడు. "ఈ ముడి బిగుసుకుపోయింది. టైము పడుతుంది."

రస్క్ బంతిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ కొంతసేపు నిలబడ్డాడు. చివరికి అడుగులు వెనక్కి వెళ్ళిపోయాయి. లావెల్ మొదటి బూటు విప్పి, మడమ పట్టుకుని నెమ్మదిగా లాగి, పక్కన పెట్టాడు. తడిసిన మేజోడు తీశాడు. ఆమోస్ పాదం మంచుముక్కలా ఉంది. రెండో బూటు అందుకున్నాడు.